హాస్టల్ మారిస్తే రెండూ పోతాయా, డాక్టరు గారూ?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడింటికే జవాబు ఇస్తున్నాను. మూడూ పదహారు, పదిహేడేళ్ల పిల్లల సంగతులు. ఆలస్యం చేయదగ్గవి కావు. గుర్తుపట్టే వివరాలు మార్చాను. మిగతా ఉత్తరాలకు వచ్చే నెల జవాబులు రాస్తాను.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది గుంటూరు. మావారికి మిర్చి యార్డులో కమీషన్ కొట్టు ఉంది. మాకు ఒక్కడే కొడుకు, పదిహేడేళ్లు. విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ సెకండియర్ చదువుతున్నాడు. దసరా సెలవులకి వచ్చినప్పుడు ఉతకడానికి బట్టలు తీస్తుంటే సాక్సులో చుట్టి పెట్టిన గంజాయి పొట్లం దొరికింది. ఎవరిస్తున్నారో తెలుసుకుందామని వాళ్ల నాన్న ఫోన్ లాక్కుని చూస్తే, క్లాసులో అబ్బాయితో రాసుకున్న మెసేజీలు కనపడ్డాయి. ఇద్దరూ ప్రేమించుకుంటున్నట్టు రాసుకున్నారు. మావారు బెల్టు తీశారు, నేను అడ్డం పడ్డాను. ఇప్పుడు ఆ అబ్బాయి తండ్రికి ఫోన్ చేసి చెప్తానంటున్నారు. మా అన్నయ్యేమో హార్మోన్ ఇంజెక్షన్లతో మార్చేవాళ్లున్నారట, తీసుకెళదాం అంటున్నాడు. గంజాయి వల్లే వాడికి ఈ బుద్ధి పుట్టిందా? హాస్టల్ మారిస్తే రెండూ పోతాయా? వాడు గదిలోంచి బయటికి రావట్లేదు, అన్నం ముద్ద ముట్టట్లేదు.
ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, మీరు నంబరు రాశారు కాబట్టి ఉత్తరం అందిన రోజే ఫోన్లో మాట్లాడుకున్నాం. అప్పుడు చెప్పిన మొదటి మాట మిగతా తల్లుల కోసం మళ్లీ రాస్తున్నాను. ఇలా పట్టుబడి, దెబ్బలు తిని, తిండి మానేసి గదిలో ముడుచుకున్న పిల్లాణ్ని ఒంటరిగా వదలకండి. లోపల గడియ పెట్టుకోనివ్వకండి. ఇంట్లో పురుగుమందు డబ్బాలు, పెద్దవాళ్ల బీపీ మాత్రలు, నిద్రమాత్రలు ఏవున్నా అందకుండా తీసేయండి. పక్కన కూర్చుని, చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది జంకుతారు. అలా పుట్టదు. లోపల ఉంటే బయటికి వస్తుంది. అవునంటే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకురండి. ఏం చేయాలో పాలుపోకపోతే 14416కి ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలిమానస్. రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

ఇక మీ ప్రశ్న. గంజాయి వల్ల ఈ ఇష్టం పుట్టలేదు. గంజాయి నిద్రనీ, ఆకలినీ, జ్ఞాపకశక్తినీ, కొందరిలో మతి స్థిమితాన్నీ దెబ్బతీస్తుంది. ఎవరి మీద మనసు పడాలన్నది మాత్రం దాని చేతిలో లేదు. పదో తరగతి నుంచే వాడు మౌనంగా అయిపోయాడని ఫోన్లో మీరే అన్నారు. గంజాయి ముట్టింది ఈ మధ్యే. ఏది ముందు వచ్చిందో మీకే తెలుస్తోంది కదా.

నా దగ్గరికి వచ్చే ఇలాంటి పిల్లల్లో చాలామందికి తమ సంగతి పదమూడు, పద్నాలుగేళ్లకే తెలుసు. తెలిసిన రోజు నుంచీ దాచడం మొదలుపెడతారు. హాస్టల్లో ఒక గదిలో ఆరుగురు, ఎనిమిదిమంది ఉంటారు. పొద్దున స్టడీ అవర్ నుంచి రాత్రి లైట్లు ఆపేదాకా ఎవరో ఒకరి కళ్ల ముందే బతకాలి. ఎవరి వంక ఎంతసేపు చూశానో, గొంతు ఎలా పలికిందో, నడక ఎలా ఉందో ఎప్పుడూ లెక్క చూసుకుంటూ ఉండాలి. అమ్మాయిల గురించి జోకులు పడితే అందరికంటే ముందు నవ్వాలి. అంత కాపలా కాసుకున్న పిల్లాడికి ఎవరో సిగరెట్లో దట్టించి ఇస్తారు. పీలిస్తే ఏమవుతుందని అడిగితే ఒకబ్బాయి నాతో అన్న మాట ఇది: ‘బుర్ర ఆగుతుంది మేడమ్.’ ఆ ఆగడం కోసమే మళ్లీ వెళతారు.

ఇది నా ఓపీ గదిలో కూర్చుని నేను అల్లుకున్న ఊహ అనుకోకండి. స్వలింగ ఆకర్షణ ఉన్న పిల్లల మీద అమెరికాలో చాలా పరిశోధన జరిగింది. అక్కడి అధ్యయనాలన్నిటినీ కలిపి 2008లో లెక్కగట్టినప్పుడు, మిగతా పిల్లలకంటే వీళ్లు మత్తు పదార్థాలు వాడే అవకాశం బాగా ఎక్కువని తేలింది. దానికంటే నాకు ముఖ్యమనిపించేది 2009లో పీడియాట్రిక్స్ అనే పిల్లల వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం. ఇలాంటి యువతీయువకులనే, 21 నుంచి 25 ఏళ్లవాళ్లని, చిన్నప్పుడు మీ ఇంట్లో మిమ్మల్ని ఎలా చూశారని అడిగారు. ఇంట్లో గట్టిగా ఛీకొట్టించుకున్నవాళ్లు, అలాంటిది లేని లేదా తక్కువగా ఉన్న ఇళ్ల పిల్లలతో పోలిస్తే, మత్తుమందులు వాడే అవకాశం 3.4 రెట్లు ఎక్కువ. ఆత్మహత్యాయత్నం చేసి ఉండే అవకాశం 8.4 రెట్లు ఎక్కువ. అమెరికా ఇల్లు వేరు, మన ఇల్లు వేరు, అంకెలు ఇక్కడికి అచ్చంగా అతకకపోవచ్చు. కానీ ఇంట్లో అవమానం పడ్డ పిల్లాడు ఎటు వెళతాడో నేను గుంటూరులోనూ చూస్తూనే ఉన్నాను.

అయ్యా, ఈ పత్రిక మీ చేతికి వస్తే మీతో ఒక మాట. ఆ రెండో అబ్బాయి తండ్రికి ఫోన్ చేయకండి. ఆ ఇల్లు ఎలాంటిదో మీకు తెలియదు. మీ ఇంట్లో అడ్డం పడటానికి తల్లి ఉంది, ఆ ఇంట్లో ఎవరున్నారో లేరో. వాళ్ల బిడ్డ రహస్యం చెప్పే హక్కు మీకు లేదు. మీరు చేసే ఒక్క ఫోన్‌తో ఆ పిల్లాడి చదువు ఆగిపోవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. మీవాడు కూడా ఆ తప్పు జీవితాంతం తన మీదే వేసుకుంటాడు. కోపం వస్తే నా దగ్గరికి వచ్చి నన్ను తిట్టండి. గంజాయి ఎక్కణ్నుంచి వస్తోందన్నది తెలుసుకోవాల్సిన సంగతే, అది నిదానంగా అడుగుదాం. దానికీ ఈ ఫోన్‌కీ సంబంధం లేదు.

హార్మోన్ ఇంజెక్షన్ల గురించి రాయాలంటే నాకు ఒళ్లు మండుతుంది. టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ ఎక్కిస్తే కోరిక పెరుగుతుందేమో గానీ, ఎవరి మీద అన్నది మారదు. ఎదిగే వయసులో అవసరం లేకుండా ఎక్కించిన హార్మోన్ ఒంటికి చేటు చేస్తుంది. స్వలింగ ఆకర్షణని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే జబ్బుల జాబితాలోంచి తీసేసింది. ఇది మానసిక రోగం కాదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ 2018లో ప్రకటించింది. మద్రాసు హైకోర్టు 2021లో ఒక కేసులో, ఇలా మార్చేస్తామనే చికిత్సల్ని నిషేధించాలని చెప్పింది. ఆ తర్వాత 2022లో జాతీయ వైద్య కమిషన్ దీన్ని వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. అంటే ఆ పని చేసే డాక్టరు మీద రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చేయొచ్చు. మీ అన్నయ్య గారు చెప్పినవాళ్లు ఎంత అడిగారో నాకు తెలియదు, రూపాయి తీసుకున్నా అది మోసమే. స్వామీజీలు, తాయెత్తులు, ఇరవై ఒకటి నిండగానే పెళ్లి చేసేద్దామనే సలహాలు కూడా త్వరలోనే వస్తాయి. ఆ పెళ్లిలో ఇంకో ఇంటి ఆడపిల్ల బతుకు కూడా ఉంటుందని గుర్తు చేయండి.

చట్టం భయం కూడా ఫోన్లో అడిగారు. పద్దెనిమిదేళ్లు దాటిన ఇద్దరు ఇష్టపడి కలిసి ఉంటే నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న, స్వలింగ సంబంధాలని నేరంగా చూసిన 377 సెక్షన్ మీద తీర్పు ఇచ్చింది. పద్దెనిమిది లోపు పిల్లలకి లైంగిక సంబంధాల విషయంలో పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాలని ఆపే చట్టం ఉంది, అది అబ్బాయి అమ్మాయి అయినా అంతే. మనసులో ఇష్టం ఉండటం, ప్రేమిస్తున్నానని రాసుకోవడం ఏ వయసులోనూ నేరం కాదు.

ఇక గంజాయి. దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. మెదడు ఇరవై ఏళ్లు దాటాక కూడా ఎదుగుతూనే ఉంటుంది. ఆ ఎదుగుదల సాగుతుండగా గంజాయి రోజూ పడితే చదివింది నిలవదు, చదవాలనే పట్టుదల పోతుంది. కొందరికి అనుమానాలు, చెవిలో మాటలు వినపడటం మొదలవుతాయి. మీ వైపు గానీ మీవారి వైపు గానీ అలాంటి మానసిక జబ్బు ఎవరికైనా ఉంటే ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ, నాకు దాచకుండా చెప్పండి. మానేసిన ఒకటి రెండు రోజుల్లో చిరాకు, కోపం, నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం వస్తాయి. మొదటి వారం కష్టంగా ఉంటుంది, రెండు వారాలకి చాలావరకు సద్దుమణుగుతుంది. మీవాడు అన్నం ముట్టకపోవడంలో దీని వంతు కూడా ఉండొచ్చు. ఆ రోజుల్లో విసుక్కుంటే పొగరు అనుకోకండి. దీనికి ఇంజెక్షన్ లేదు, మళ్లీ మళ్లీ కూర్చుని మాట్లాడటమే ప్రధాన వైద్యం. ఇంకొకటి: మందుల షాపులో దొరికే కిట్‌తో మూత్రం పరీక్ష చేసి దొంగతనం పట్టినట్టు పట్టకండి. బాగా అలవాటైనవాళ్లకి మానేసిన కొన్ని వారాల దాకా అది పాజిటివ్ చూపిస్తూనే ఉంటుంది. మానేసినవాణ్ని అబద్ధాలకోరు అన్నారంటే మళ్లీ మొదలుపెడతాడు.

రాత్రిపూట జీపులో వచ్చి కాళ్లూ చేతులూ కట్టి ఎత్తుకెళ్లే డీఅడిక్షన్ సెంటర్లకి అప్పగించకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మైనర్‌ని చేర్చుకోవాలంటే ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, పెద్దవాళ్లతో కలపకుండా వేరుగా ఉంచాలి, ఇంటి మనిషో సహాయకులో పక్కనే ఉండాలి. మీవాడికి చేరాల్సిన అవసరం ఉందని నాకు అనిపించలేదు. మీరున్న గుంటూరులోనే ప్రభుత్వ సర్వజనాసుపత్రి మానసిక వైద్య విభాగం ఉంది. విజయవాడ పెద్దాసుపత్రిలోనూ, మంగళగిరి ఎయిమ్స్‌లోనూ చూస్తారు. తెలిసినవాళ్లు చూస్తారని భయమైతే ఊరు మార్చి వెళ్లండి, నేనేమీ అనుకోను. మత్తు మానడం గురించి మాట్లాడటానికి 14446 కూడా ఉంది.

హాస్టల్ విషయం చివరికి మిగిల్చాను. గంజాయి ఆ హాస్టల్ స్నేహితుల దగ్గరే దొరుకుతుంటే హాస్టల్ మానిపించడం మంచిదే. గుంటూరు నుంచి విజయవాడ 35 కిలోమీటర్లు. రోజూ బస్సులోనో రైల్లోనో వెళ్లొచ్చే పిల్లలు బోలెడుమంది ఉన్నారు. పబ్లిక్ పరీక్షల ముందు కాలేజీ మార్చడం కంటే, ఇంటి నుంచి వెళ్లిరావడం నయం. అది కూడా వాడితో మాట్లాడి, శిక్షలా కాకుండా చేయండి. ఇష్టం మాత్రం ఏ హాస్టల్ మార్చినా వాడితోనే వస్తుంది.

ఈ రాత్రి వాడితో ఏం మాట్లాడాలని ఫోన్లో అడిగారు కదా. ఇలా అనండి: ‘మెసేజీలు చదివాం నాన్నా. నిన్ను కొట్టడం తప్పు. నాకింకా అర్థం కావట్లేదు, టైము పడుతుంది. నువ్వు మా బిడ్డవే. ఆ సంగతి నువ్వు చెప్పాలనుకున్నప్పుడే మాట్లాడదాం. గంజాయి గురించి మాత్రం ఈ వారమే డాక్టరు దగ్గరికి వెళ్దాం.’ రెండిటినీ ఒకే తిట్టులో కలపకండి. అలా కలిపితే, గంజాయి మానడమంటే తనని తాను చంపుకోవడమని వాడికి వినపడుతుంది.

ప్రశ్న: మేడమ్, నాకు పదహారేళ్లు, విజయవాడ కృష్ణలంకలో ఉంటాం. ట్యూషన్లో ఒకబ్బాయి అంటే నాకు ఇష్టం. మా బెంచిలో కూర్చునే అమ్మాయి అన్నా అంతే ఇష్టం, ఇంకా ఎక్కువేనేమో. ఆ అమ్మాయికి చెప్తే నవ్వి ఊరుకుంది, తర్వాత గ్రూపులో అందరికీ పెట్టేసింది. డబుల్ సిమ్ అని పిలుస్తున్నారు. నిద్రపట్టక నానమ్మ నిద్రమాత్ర సగం వేసుకున్నా. ఇప్పుడు నెల రోజులుగా రోజూ ఒకటి. మొన్న ఫ్రెండ్ బర్త్‌డేలో కూల్‌డ్రింక్‌లో వోడ్కా కలిపిచ్చారు. ఇంటికొచ్చి మాత్ర కూడా వేసుకున్నా. పొద్దున అమ్మ ఎంత లేపినా లేవలేదట. అమ్మకి ఇదంతా చెప్పలేను. నేను అసలు ఎవర్ని?
పేరు వద్దు

జవాబు: తల్లీ, నువ్వు ఎవరివన్న ప్రశ్నకి తొందరేమీ లేదు. మాత్రల విషయంలోనే తొందర ఉంది.

నిద్రమాత్రా మద్యమూ కలిస్తే ఊపిరి నెమ్మదించి ఆగిపోవచ్చు. ఆ రోజు నువ్వు లేవకపోవడం అదే దారిలో కొంత దూరం వెళ్లడం. ఇంకెప్పుడూ రెండూ కలవకూడదు. అలాగని రేపటి నుంచి మాత్ర ఒక్కసారిగా ఆపేయకు. రోజూ వేసుకునేవాళ్లు అలా ఆపితే చేతులు వణకడం, గుండెదడ, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి. డాక్టరు చూసి కొద్దికొద్దిగా తగ్గిస్తూ ఆపించాలి. మాత్ర పేరు కాగితం మీద రాసి ఉంచుకో.

అమ్మకి అన్నీ చెప్పక్కర్లేదు. ‘నిద్రపట్టక నానమ్మ మాత్రలు వేసుకున్నానమ్మా, మానలేకపోతున్నా, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు.’ ఇంతే చెప్పు. ఇది నిజం, ఇందులో నీ మనసు సంగతి ఏమీ లేదు. డాక్టరు దగ్గరికి వెళ్లాక, కాసేపు విడిగా మాట్లాడాలని అడుగు. అడిగే హక్కు నీకుంది. అమ్మకి చెప్పడానికి అస్సలు నోరు రాకపోతే 1098కి ఫోన్ చెయ్యి, అది పిల్లల కోసమే ఉన్న నంబరు.

ఇద్దరి మీదా ఇష్టం ఉండటం నటనేమీ కాదు, మోసమూ కాదు. నీలాంటివాళ్లు చాలామంది ఉన్నారు. అమెరికాలో 1994లో మొదలైన ఒక పెద్ద సర్వేలో హైస్కూలు పిల్లల్ని ఇలాంటి ఇష్టాల గురించి అడిగారు. మత్తు అలవాట్ల లెక్క తీస్తే, అమ్మాయిల మీదా అబ్బాయిల మీదా ఇష్టం ఉన్నవాళ్లకే ప్రమాదం ఎక్కువగా కనపడింది. ఆ ఫలితాలు 2002లో అచ్చయ్యాయి. నాకు తోచే కారణం, వాళ్లని ఏ గుంపూ తమవాళ్లనుకోదు. ఇటువాళ్లు అటు పొమ్మంటారు, అటువాళ్లు ఇటు. నీ గ్రూపు నీకు చేసింది అదే. ఆ గ్రూపులోంచి బయటికి వచ్చెయ్. నోటిఫికేషన్లు ఆపడంతో సరిపెట్టకు, పూర్తిగా వచ్చెయ్. ఆ మెసేజీల స్క్రీన్‌షాట్లు మాత్రం తీసి పెట్టుకో, లెక్చరర్ దగ్గరికి వెళ్లాల్సి వస్తే పనికొస్తాయి. ఎవరంటే ఇష్టమో ఈ ఏడాదే తేల్చుకోవాలని ఏ రూలూ లేదు.

ప్రశ్న: గుంటూరు దగ్గర ఒక రెసిడెన్షియల్ కాలేజీలో వార్డెన్‌ని. పదహారేళ్ల అబ్బాయి బాత్రూంలో చేతిరుమాలు మీద వైట్నర్ పోసుకుని పీలుస్తూ దొరికాడు. మాట, నడక కొంచెం సుకుమారంగా ఉంటాయని మిగతావాళ్లు ఆడంగి అని ఏడిపిస్తుంటారు. ప్రిన్సిపాల్ గారు రిపోర్టు రాసిమ్మన్నారు. ఏం రాయను?

జవాబు: వార్డెన్ గారూ, వైట్నర్ పిల్లల చేతికి సులువుగా దొరికే మత్తు. మన దేశంలో 2019లో వచ్చిన జాతీయ సర్వేలో పెద్దవాళ్లకంటే పిల్లలే ఎక్కువగా వాడుతున్నట్టు తేలింది ఈ పీల్చే మత్తులే, పది నుంచి పదిహేడేళ్ల పిల్లల్లో 1.17 శాతం, పెద్దవాళ్లలో 0.58 శాతం. అప్పుడే పీల్చిన పిల్లాడి మీద అరవకండి, తరమకండి, భయపెట్టకండి. ఆ సమయంలో ఒక్కసారి అదిరిపడినా గుండె లయ తప్పి అక్కడికక్కడే ప్రాణం పోవచ్చు. గాలి తగిలే చోట కూర్చోబెట్టి, ఊపిరి గమనిస్తూ పక్కనే ఉండండి. స్పృహ తప్పితే 108కి ఫోన్ చేయండి. తేరుకున్నాక మర్నాడు డాక్టరుకి చూపించాలి.

ఏడిపించేవాళ్ల సంగతి కూడా ఈ వారమే చూడండి. ర్యాగింగ్ మీద మన రాష్ట్రంలో 1997 నుంచీ చట్టం ఉంది. ఆ పిల్లాడి నడక సరిచేయమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అతను ఎవరిని ఇష్టపడతాడో మీరు ఊహించనూ వద్దు, అడగనూ వద్దు. అతనే వచ్చి చెప్తే వినండి, మీ దగ్గరే ఉంచుకోండి. ఇంటికి చెప్పాల్సింది వైట్నర్ గురించి, అది ఆరోగ్యం సంగతి. అది కూడా, ఇవాళ మీ నాన్నగారితో మాట్లాడుతున్నానని అతనికి ముందే చెప్పి, అతని ఎదురుగానే మాట్లాడండి.

రిపోర్టులో తేదీ రాయండి, వైట్నర్ పీలుస్తుండగా గమనించామని రాయండి, వైద్య సహాయం అవసరమని రాయండి, తోటి విద్యార్థుల వేధింపు ఉందని, దాని మీద చర్య కోరుతున్నామని రాయండి. ఆ పిల్లాడి స్వభావం గురించి ఆ కాగితంలో ఒక్క మాట కూడా పెట్టకండి. అది ఫైల్లో ఉండిపోతుంది, రేపు టీసీ తీసుకునేటప్పుడు ఎవరి కంటపడుతుందో తెలియదు.